ఎదురుచూపు ఎవరి ఖాతాలో?

2005 జూన్‌లో కాకినాడకి ఎదురుగా సముద్రంలో 20 టీసీఎఫ్ గ్యాస్ దొరికిందని గుజరాత్ ప్రభుత్వం ప్రకటించింది. టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు. అలాంటివి ఇరవై. తవ్వింది గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్, ప్రకటించింది అప్పటి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ. క్షేత్రానికి దీన్ దయాళ్ అని పేరు పెట్టారు. దేశంలోనే అతిపెద్ద గ్యాస్ నిక్షేపం అన్నారు. కాకినాడ వాళ్ళకి 'నిక్షేపం' అనే మాట ఆ రోజుల్లోనే ఇంట్లో మాట అయిపోయింది.

నాలుగేళ్ళ తర్వాత అదే క్షేత్రంలో ముందుగా అభివృద్ధి చెయ్యదలిచిన భాగానికి ప్రణాళిక ఆమోదం పొందేసరికి, లెక్క 2 టీసీఎఫ్‌కి కాస్త అటూ ఇటూగా తేలింది. అందులోనూ బయటికి తీయగలిగింది దాదాపు సగం. రాయి గట్టిది, లోతులో ఒత్తిడీ వేడీ విపరీతం. చివరికి 2017లో ఓఎన్‌జీసీ ఆ బ్లాకులో 80 శాతం వాటాని సుమారు 120 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. గుజరాత్ కంపెనీకి అప్పులు మిగిలాయి.

దీన్ని అబద్ధం అని కొట్టిపారేయడం తేలిక. కానీ చమురు, గ్యాస్ వ్యాపారంలో రెండు వేర్వేరు లెక్కలుంటాయి. భూమిలో ఎంత ఉంది అనేది ఒకటి. అందులో ఎంత తీయగలం, ఎంత ఖర్చుతో, ఎప్పటికి అనేది రెండోది. మొదటి లెక్క పెద్దది, చెప్పడానికి బాగుంటుంది. రెండోది చిన్నది, ఆలస్యంగా వస్తుంది. వేదికల మీద వినపడేది ఎప్పుడూ మొదటిదే.

2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌కి ఇంకో సంఖ్య వచ్చింది: 156. అమరావతిలో కట్టబోయే క్వాంటం వ్యాలీ టెక్ పార్కులో ఐబీఎం వారి క్వాంటం సిస్టమ్ టూ యంత్రాన్ని పెడతామని ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ప్రకటించాయి. లార్సెన్ అండ్ టూబ్రో కూడా భాగస్వామి. ఆ యంత్రంలోని హెరాన్ అనే ప్రాసెసర్‌లో 156 క్యూబిట్లు. దేశంలోనే అతిపెద్ద క్వాంటం కంప్యూటర్ అన్నారు. 'దేశంలోనే అతిపెద్ద' అన్న మాట వినగానే గోదావరి జిల్లా వాడిగా నాకు ఒక చెవి అమరావతి వైపూ, ఇంకో చెవి సముద్రం వైపూ తిరిగాయి.

ఈ వ్యాసం క్వాంటం కంప్యూటింగ్ బూటకమని చెప్పడానికి కాదు. ఆ శాస్త్రం నిజం, ప్రగతీ నిజం. నా ప్రశ్న వేరే. ఈ రంగంలో కంపెనీలు అమ్ముతున్నది ప్రస్తుతానికి ఎదురుచూపు. ఆ ఎదురుచూపు ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందనే విషయం మీద డెల్టా చరిత్రకి చెప్పడానికి కొన్ని సంగతులున్నాయి.

*

ముందు ఈ కంపెనీలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం.

1981లో ఎంఐటీలో జరిగిన సభలో రిచర్డ్ ఫైన్‌మన్, ప్రకృతి క్వాంటం సూత్రాల ప్రకారం నడుస్తుంది కాబట్టి దాన్ని అనుకరించే యంత్రం కూడా అలాగే నడవాలన్నాడు. పదమూడేళ్ళ తర్వాత, 1994లో, బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే పీటర్ షోర్ పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే క్వాంటం పద్ధతి కనిపెట్టాడు. మన బ్యాంకు లావాదేవీలకి తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి, ఆ పని మామూలు కంప్యూటర్లకి అసాధ్యమైనంత కష్టం అన్న నమ్మకం మీదే నిలబడి ఉంది. క్వాంటం యంత్రం వస్తే ఆ తాళం ఊడుతుంది. డబ్బు ఈ రంగం వైపు తలతిప్పి చూసింది అప్పుడే.

1999లో కెనడాలో డి-వేవ్ పుట్టింది. 2011లో 128 క్యూబిట్ల యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. మొదటి కొనుగోలుదారు లాక్‌హీడ్ మార్టిన్, అంటే రక్షణ రంగం. అయితే అది ఒక తరహా సమస్యలకే పనికొచ్చే యంత్రం, షోర్ పద్ధతి నడిపేది కాదు. 2013లో రిగెట్టి, 2015లో అయాన్‌క్యూ వచ్చాయి. 2016 మే నెలలో ఐబీఎం ఐదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా తెరిచింది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళం చాలామంది క్యూబిట్ అనేదాన్ని మొదటిసారి తాకింది అలాగే, ఆఫీసు అయ్యాక, ల్యాప్‌టాప్‌లో. 2019లో గూగుల్, తన 53 క్యూబిట్ల సికమోర్ చిప్ 200 సెకన్లలో చేసిన పనికి సూపర్ కంప్యూటర్‌కి 10,000 ఏళ్ళు పడుతుందని ప్రకటించింది. రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే బదులిచ్చింది. రెండు కంపెనీల మధ్య తేడా పదివేల ఏళ్ళు. ఈ రంగంలో సంఖ్యల్ని ఎలా చదవాలో ఆ ఒక్క తగాదా చాలు చెప్పడానికి.

క్యూబిట్ని ఏ పదార్థంతో చెయ్యాలనే విషయంలో కూడా ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఐబీఎం, గూగుల్, రిగెట్టి అతిశీతల లోహపు వలయాలతో చేస్తాయి. అయాన్‌క్యూ, క్వాంటినమ్ విద్యుదావేశం ఉన్న అణువుల్ని శూన్యంలో బంధించి వాడతాయి. సైక్వాంటమ్ కాంతి కణాల్ని నమ్ముకుంది. ఫ్రాన్స్‌లో పాస్కల్, బోస్టన్‌లో క్యూఎరా తటస్థ అణువుల్ని లేజర్లతో పట్టుకుంటాయి. పాస్కల్ వ్యవస్థాపకుల్లో అలాన్ ఆస్పె ఉన్నాడు, 2022 నోబెల్ గ్రహీత. ఒకే పొలంలో ఐదారు రకాల విత్తనాలు జల్లి, ఏది మొలుస్తుందో చూస్తున్న స్థితి ఇది. మొలిచేదాని మీద పెట్టుబడి పెట్టినవాడు కుబేరుడు. మిగతావాళ్ళ సంగతి ఎవరూ రాయరు.

*

ఇప్పుడు 156 దగ్గరికి వద్దాం.

క్యూబిట్ చాలా సున్నితమైనది. చిన్న వేడికీ, కదలికకీ, పక్క క్యూబిట్ ప్రభావానికీ చెదిరిపోతుంది. అంచేత ఒక నమ్మదగిన క్యూబిట్ కావాలంటే చాలా భౌతిక క్యూబిట్లని కలిపి, ఒకదాని తప్పుని ఇంకొకటి పట్టుకునేలా అల్లాలి. అలా అల్లినదాన్ని లాజికల్ క్యూబిట్ అంటారు. 2024 డిసెంబర్‌లో గూగుల్ విల్లో చిప్ సాధించింది ఇదే: అల్లిక పెద్దదవుతున్న కొద్దీ తప్పులు తగ్గుతాయని చూపించింది. అంతకుముందు అల్లిక పెంచితే తప్పులూ పెరిగేవి. నిజంగా పెద్ద విజయం అది. కానీ 105 భౌతిక క్యూబిట్ల ఆ చిప్‌లో, 101 క్యూబిట్లు ఖర్చు పెడితే తయారైన నమ్మదగిన క్యూబిట్ ఒక్కటి.

భూమిలో ఉన్నది, చేతికొచ్చేది. గ్యాస్ భాషలో చెబితే 156 అనేది భూమిలో ఉన్న లెక్క.

మరి తాళం ఊడాలంటే ఎన్ని కావాలి? 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా వేసిన అంచనా 2 కోట్ల భౌతిక క్యూబిట్లు, ఎనిమిది గంటలు. 2025 మే నెలలో గిడ్నీయే పద్ధతిని మెరుగుపరిచి, 10 లక్షల లోపు క్యూబిట్లతో వారంలోపు చెయ్యొచ్చన్నాడు. యంత్రం పెరగకుండానే లక్ష్యం ఇరవై రెట్లు దగ్గరికొచ్చింది. ఈ రంగంలో ఆశకి అసలు కారణం ఇలాంటివే, ప్రెస్ మీట్లు కావు. అయినా 156కీ 10 లక్షలకీ మధ్య దూరం అలాగే ఉంది. ఐబీఎం సొంత ప్రణాళిక ప్రకారమే, 200 లాజికల్ క్యూబిట్ల స్టార్లింగ్ యంత్రం వచ్చేది 2029లో.

మన జాతీయ క్వాంటం మిషన్ లక్ష్యం చూడండి: ఎనిమిదేళ్ళలో 50 నుంచి 1000 భౌతిక క్యూబిట్ల యంత్రాలు. 'భౌతిక' అనే మాట అందులో స్పష్టంగా ఉంది. కాగితం నిజాయితీగానే ఉంది. వేదిక మీదకి వచ్చేసరికి ఆ విశేషణం జారిపోతుంది.

*

చేతికొచ్చేది ఇంకా దూరంలో ఉన్నప్పుడు కంపెనీలు ఎలా బతుకుతున్నాయి?

ఐబీఎం, గూగుల్ లాంటివాటికి వేరే వ్యాపారాలున్నాయి. మెయిన్‌ఫ్రేములు, ప్రకటనలు క్వాంటం ల్యాబుకి అన్నం పెడతాయి. వాటికి పదిహేనేళ్ళు ఎదురుచూడడం కష్టం కాదు. క్వాంటమే వ్యాపారమైన చిన్న కంపెనీల సంగతి అది కాదు. 2021 అక్టోబర్‌లో అయాన్‌క్యూ, 2022 మార్చిలో రిగెట్టి, అదే ఆగస్టులో డి-వేవ్ స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి. మూడూ స్పాక్ దారిలోనే. స్పాక్ అంటే ఏ వ్యాపారమూ లేకుండా, ఏదో ఒక కంపెనీని కలుపుకోవడం కోసమే డబ్బు పోగేసిన ఖాళీ సంస్థ. అది ముందే మార్కెట్లో ఉంటుంది. దానిలో విలీనమైతే అసలు కంపెనీ కూడా మార్కెట్లోకి వచ్చినట్టే. మామూలు ఐపీఓలో భవిష్యత్తు గురించి చెప్పడానికి జంకే మాటలు, ఈ దారిలో అప్పట్లో ధైర్యంగా చెప్పేవారు.

2024లో అయాన్‌క్యూ ఆదాయం 4.3 కోట్ల డాలర్లు. రిగెట్టి ఆదాయం 1.1 కోట్ల లోపు. డి-వేవ్ ఆదాయం 90 లక్షల లోపు. మార్కెట్ వీటికి కట్టిన విలువ వందల కోట్ల డాలర్లలో. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనే మన సామెతకి వాల్ స్ట్రీట్‌లో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే సోమలింగం పేరు మీద అప్పు పుడుతుంది, అదీ ఇక్కడి చమత్కారం. 2025 జూన్‌లో అయాన్‌క్యూ బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ అయానిక్స్‌ని 107.5 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. అందులో నగదు కోటి డాలర్లే, మిగతాదంతా తన షేర్లు. అదే అక్టోబర్‌లో షేర్లు అమ్మి 200 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. షేర్ ధర ఇక్కడ కరెన్సీ. భవిష్యత్తు మీద నమ్మకం ఉన్నంత కాలం అది చెల్లుతుంది.

నమ్మకం ఎంత పల్చనో 2025 జనవరిలో తెలిసింది. ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్‌ని అడిగితే, బాగా పనికొచ్చే క్వాంటం కంప్యూటర్లకి పదిహేనేళ్ళంటే తొందరపడ్డట్టు, ముప్ఫై అంటే ఆలస్యం, ఇరవై అంటే చాలామంది ఒప్పుకుంటారు అన్న అర్థంలో జవాబిచ్చాడు. మర్నాడు అయాన్‌క్యూ, రిగెట్టి, డి-వేవ్ షేర్లు ఒక్క రోజులో మూడో వంతు నుంచి సగం దాకా పడిపోయాయి. విచిత్రమేమిటంటే, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఎన్విడియా పెట్టుబడి విభాగం సైక్వాంటమ్‌లోనూ, క్వాంటినమ్‌లోనూ డబ్బు పెట్టింది. ఆ విడతలో సైక్వాంటమ్ 100 కోట్ల డాలర్లు సేకరించింది. ఇరవై ఏళ్ళు ఆగగలవాడికి ఇరవై ఏళ్ళ తర్వాతి వస్తువు కొనుక్కోవడంలో తప్పేముంది?

ఆగలేనివాళ్ళూ ఉన్నారు. హార్వర్డ్ నుంచి పుట్టిన జపాటా అనే క్వాంటం సాఫ్ట్‌వేర్ కంపెనీ 2024 ఏప్రిల్‌లో స్పాక్ ద్వారా మార్కెట్‌కి వచ్చి, అదే అక్టోబర్‌లో మూతపడింది. శాస్త్రం తప్పని తేలి కాదు, జేబు ఖాళీ అయి.

*

ఎదురుచూపులో ప్రభుత్వాల వాటా ఇంకా పెద్దది. 2024 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం, క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం కలిసి సైక్వాంటమ్‌కి 94 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇస్తామన్నాయి, బ్రిస్బేన్‌లో యంత్రం కట్టాలని. మన దేశంలో 2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో క్వాంటం మిషన్‌ని ఆమోదించింది, 2030-31 వరకు. 2024 నవంబర్‌లో ఎనిమిది స్టార్టప్‌లని ఎంపిక చేసి సాయం ప్రకటించింది. వాటిలో బెంగళూరు కంపెనీ క్యూపీఏఐ 2025 ఏప్రిల్‌లో 25 క్యూబిట్ల ఇండస్ యంత్రాన్ని చూపించింది. ఆ జులైలో అవతార్ వెంచర్స్, క్వాంటం మిషన్ ముందుండగా 3.2 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఇంకొకటి, ఐఐటీ మద్రాసు నీడలో 2016లో మొదలైన క్యూనూ ల్యాబ్స్, యంత్రం జోలికి పోకుండా క్వాంటం పద్ధతిలో తాళాలు తయారుచేస్తుంది. దొంగ ఇంకా పుట్టలేదు, తాళం మాత్రం ఇవాళే అమ్ముడవుతుంది. ఈ రంగంలో ఎదురుచూడక్కర్లేని వ్యాపారం ఏదైనా ఉంటే ఇదే.

25 క్యూబిట్లకీ 156కీ తేడాని మరోలా కూడా చదవాలి. 25 ఇక్కడ చేసినవి. 156 బయటి కంపెనీ తెచ్చి పెట్టేవి. మొదటిదాంట్లో చెయ్యడం నేర్చుకుంటాం, రెండోదాంట్లో వాడడం నేర్చుకుంటాం. రెండూ అవసరమే గానీ రెండూ ఒకటి కాదు. 2025 జులైలో వచ్చిన అమరావతి క్వాంటం డిక్లరేషన్ 2030 నాటికి కనీసం 100 స్టార్టప్‌లని పెంచుతామంది. అవి ఏ రకం నేర్పుతో బతుకుతాయన్నదే ప్రశ్న.

*

మళ్ళీ మా ఊరి గ్యాస్‌కి వస్తాను, ఎందుకంటే ఆ కథలో చాలామంది వదిలేసే భాగం ఒకటుంది.

గుజరాత్ కంపెనీ పక్కనే రిలయన్స్ వారి కేజీ-డీ6 క్షేత్రం. అక్కడి గ్యాస్ కాకినాడకి దక్షిణాన గాడిమొగ దగ్గర తీరానికి చేరుతుంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. లక్ష్యం రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు. 2010లో 6 కోట్ల దాకా వెళ్ళింది, తర్వాత జారింది. 2013-14కి అందులో నాలుగో వంతు కూడా లేదు. అయితే కథ అక్కడ ముగియలేదు. 2020 డిసెంబర్ నుంచి రిలయన్స్, బీపీ అదే బ్లాకులో మరింత లోతైన కొత్త క్షేత్రాలని ఒక్కొక్కటిగా తెరిచాయి. ఉత్పత్తి మళ్ళీ రోజుకి 3 కోట్ల ఘనపు మీటర్ల దరిదాపులకి చేరింది. అంటే గ్యాస్ ఉంది. ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఆ 'అంతే' దగ్గరే సామర్లకోట ఉంది. కాకినాడకి కూతవేటు దూరం. గ్యాస్ వస్తుందన్న అంచనా మీద అనిల్ అంబానీ రిలయన్స్ పవర్ అక్కడ 2,400 మెగావాట్ల విద్యుత్ కేంద్రం తలపెట్టింది. టర్బైన్లు జీఈ నుంచి వచ్చాయి, షెడ్లు లేచాయి, గ్యాస్ రాలేదు. కేంద్రం నడవలేదు. ఆ యంత్రాల్లో ఒక భాగాన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘ్నాఘాట్‌కి తరలించారు. గ్యాస్ తిరిగొచ్చేసరికి దాని కోసం కట్టిన ఇల్లు లేదు.

జోస్యం తప్పడం ఒక రకం నష్టం. జోస్యం నిజమే అయి, ఆలస్యంగా నిజమవడం ఇంకో రకం నష్టం. మొదటిదానికి జోస్యం చెప్పినవాణ్ణి నిలదీయొచ్చు. రెండోదానికి ఎవర్నీ నిలదీయలేం. పదేళ్ళు ఆగగలిగినవాడికి అది లాభం, ఆగలేనివాడికి దివాలా.

క్వాంటం విషయంలో ఆగలేనివాళ్ళు ఎవరు? భానుగుడి సెంటర్‌లో నిలబడి హోర్డింగులు చూడండి. ఒకప్పుడు జావా, తర్వాత డేటా సైన్స్, ఆ తర్వాత ఏఐ. వరస అలవాటైనవాడికి తర్వాతి బోర్డు మీద ఏ మాట వస్తుందో చెప్పక్కర్లేదు. మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడు. "అన్నయ్యా, క్వాంటం కోర్సులో చేరమంటావా? ఇప్పుడు చేరితే ముందుంటాం అంటున్నారు" అని ఫోన్ చేశాడు. ముందుండటం నిజమే. ఎంత ముందు అనేదే తిరకాసు. 2024 డిసెంబర్‌లో ఏఐసీటీఈ ఇంజినీరింగ్ పిల్లలకి క్వాంటం టెక్నాలజీల్లో మైనర్ డిగ్రీ పాఠ్యప్రణాళిక ప్రకటించింది. కనీసం 18 క్రెడిట్లు, అసలు డిగ్రీకి అదనంగా. అది మంచి పద్ధతి అని వాడికి చెప్పాను. "నీ బ్రాంచి వదలకు. లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా నేర్చుకో. పక్కన ఇది పెట్టుకో. వచ్చేదాకా నిన్ను బతికించేది నీ బ్రాంచే," అన్నాను. ఐబీఎంకి మెయిన్‌ఫ్రేములున్నట్టు వాడికీ ఒకటుండాలి కదా.

*

ఇంత పాత జోస్యాల తర్వాత కూడా డెల్టా వాళ్ళం పెట్టుబడి అంటే బెదరం. దానికి కారణం ధవళేశ్వరంలో ఉంది.

1830ల మొదట్లో నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను. గోదావరి జిల్లా అప్పట్లో జనం వలసపోయే చోటు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఖర్చు పెట్టింది ప్రభుత్వమే. ఫలితం మనకి తెలుసు, రోజూ తింటున్నాం.

అదే కాటన్ సమర్థించిన ఇంకో పథకం కథ మనకి అంతగా తెలియదు. 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర మీద సుంకేశుల నుంచి కడప దాకా కాలువ తవ్వాలి. వాటాదార్ల 10 లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి గ్యారంటీ అని ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా లండన్ వాటాదారుకి వడ్డీ వస్తుంది. డబ్బు చాలకపోతే మళ్ళీ ప్రభుత్వమే అప్పిచ్చింది. 1870 ప్రాంతానికి తవ్వకం అయింది గానీ, నల్లరేగడి నేలల్లో జొన్న, పత్తి పండించుకునే రైతులు ఆ నీళ్ళు అనుకున్నంతగా తీసుకోలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీని కొనేసింది. అదే ఇవాళ్టి కర్నూలు-కడప కాలువ. కాలం గడిచాక అదీ పనికొచ్చింది. కానీ మొదటి పాతికేళ్ళ ఎదురుచూపు ఖర్చు వాటాదారుడిది కాదు, ఇక్కడ పన్ను కట్టినవాడిది.

ఈ రెండింటి తేడాని ప్రభుత్వం మంచిది, ప్రైవేటు చెడ్డది అని చదివితే సగమే చదివినట్టు. గోదావరి డెల్టాలో నేల వాలు ముందే తెలుసు, వరి పండించే చెయ్యి ముందే ఉంది, నీటికి గిరాకీ కరువు రూపంలో కళ్ళముందుంది. కర్నూలు-కడపలో కాలువ ముందొచ్చింది, గిరాకీ తర్వాత వెతుక్కున్నారు. పైగా రాబడికి గ్యారంటీ ఉన్నవాడికి గిరాకీ గురించి ఆలోచించే అవసరం లేకపోయింది.

అమరావతి యంత్రం ఈ రెండు కాలువల్లో దేనికి దగ్గర? 156 క్యూబిట్ల నీళ్ళకి పొలం ఎక్కడుంది? మందుల కంపెనీలు, బ్యాంకులు, పరిశోధన సంస్థలు, యూనివర్సిటీలు వాడుకుంటాయనేది జవాబు. టీసీఎస్ బాధ్యత ఆ వాడకాన్ని తయారుచెయ్యడమే. అది జరిగితే ధవళేశ్వరం, జరక్కపోతే సుంకేశుల. కాకినాడ జేఎన్‌టీయూలో చదివే పిల్ల ఆ యంత్రం మీద గంటసేపు ప్రయోగం చేసుకోగలగడం నా దృష్టిలో ఏ పెట్టుబడి ప్రకటన కన్నా పెద్ద వార్త.

ఈ లెక్కలో ఎవరూ ఇన్వెస్టర్లని పిలవని ఇన్వెస్టర్లు కూడా ఉన్నారు. 2015లో 29 గ్రామాల రైతులు రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌లో ఇచ్చారు. బదులుగా వాళ్ళకి దక్కేది ఏటా కౌలు, అభివృద్ధి చేసిన నగరంలో ప్లాటు. నగరం లేస్తే ప్లాటుకి విలువ, లేవకపోతే అది గడ్డి మొలిచిన స్థలం. 2019 తర్వాత పనులు ఆగి, ఐదేళ్ళు వాళ్ళు ఎదురుచూశారు. ఇప్పుడు ఆ నగరం భవిష్యత్తుని క్వాంటం అనే మాటకి ముడేశారు. అయాన్‌క్యూ వాటాదారుడు నచ్చకపోతే మర్నాడు షేరు అమ్ముకుంటాడు. పొలం ఇచ్చినవాడికి ఆ వీలు లేదు.

ఆనకట్ట ఫలించిందని ఇవాళ మనం ధైర్యంగా ఎలా చెప్పగలుగుతున్నాం? కాటన్ విగ్రహాలున్నాయని కాదు. ఏటా జమాబందీ జరిగింది కాబట్టి. ఏ తాలూకాలో ఎంత మాగాణి సాగైంది, ఎంత శిస్తు వచ్చింది, ఎంత రద్దయింది అని కలెక్టర్ కచేరీ ప్రతి సంవత్సరం రాసి పంపాల్సి వచ్చేది. అది పన్ను గుంజడానికి రాసిన లెక్కే, ప్రజలకి జవాబు చెప్పడానికి కాదు. అయినా ఆ కాగితాల వల్లే 1878లో హెన్రీ మారిస్ గోదావరి జిల్లా గురించి అంత లావు పుస్తకం రాయగలిగాడు, తర్వాతి చరిత్రకారులు ఆనకట్టకి ముందు, తర్వాత అని పోల్చగలిగారు.

అమరావతి యంత్రానికి కూడా ఒక జమాబందీ కావాలి. ఈ ఏడాది ఎన్ని గంటలు నడిచింది, అందులో మన కాలేజీలకి ఎన్ని, కంపెనీలకి ఎన్ని, ఏ పని మామూలు కంప్యూటర్ కన్నా బాగా చేసింది, ఏది చెయ్యలేకపోయింది, ప్రజల డబ్బు ఎంత పోయింది, ఎంతమందికి అక్కడ ఉద్యోగమొచ్చింది. ఏటా ఒకసారి, తెలుగులో, అందరికీ దొరికేలా. అందులో సంఖ్యలు చిన్నవిగా ఉన్నా పర్వాలేదు. భూమిలో ఎంతుందో మాకు చాలాసార్లు చెప్పారు. చేతికి ఎంతొచ్చిందో ఏటా చెబితే, ఆగడం మాకు కొత్తేం కాదు.